దుంగను పలకలుగా కోయించి ఆరుబయటి వాడకానికి ఆరబెట్టడం ఎలా: బెంగళూరు వాతావరణానికి తగిన పద్ధతి

ఏప్రిల్, మే నెలల్లో సాయంత్రం పూట వచ్చే గాలివానలకు బెంగళూరులో ఏటా పెద్ద చెట్లు కూలుతుంటాయి. అపార్టుమెంటు ఆవరణల్లోనూ, పాత లేఅవుట్లలోనూ, హొసకోట, దేవనహళ్ళి వైపు తోటల్లోనూ పడిపోయిన నిద్రగన్నేరు, మహాగని, పనస మాన్లను చాలామంది వంటచెరకు ధరకు అమ్మేస్తారు, లేదా జాగా ఖాళీ అయితే చాలని ఊరకే ఇచ్చేస్తారు. అదే దుంగను సరిగా కోయించి ఓపికగా ఆరబెట్టుకుంటే తోటలో వేసుకునే బల్లకు, గేటు పక్కన అరుగుకు, పిల్లలు ఆడుకునే చోట కూర్చునే పలకకు ఏళ్ళ తరబడి పనికొచ్చే కలప చేతికి వస్తుంది.

ఆరుబయటి వాడకానికి కలపను యంత్రాల గదిలో పెట్టి ఎండించాల్సిన పని లేదు. పాలలో నీళ్ళు వేరు చేసినంత సూక్ష్మంగా తేమను తీసేయాల్సిన అవసరం లోపలి ఫర్నిచరుకే గాని, వానలో తడిసి ఎండలో ఎండే బల్లకు లేదు. బెంగళూరు గాలి ఈ పనిని చక్కగా చేస్తుంది. అయితే ఆ గాలి ఒక్కోసారి చేయాల్సిన దానికంటే తొందరగా చేస్తుంది, ముఖ్యంగా కోసిన మొదటి నెలలోనూ, ఆ తర్వాత వచ్చే మొదటి ఫిబ్రవరి, మార్చి నెలల్లోనూ. పలకలు పగలడం, మెలి తిరగడం దాదాపుగా ఆ రెండు కాలాల్లోనే జరుగుతుంది కాబట్టి ఈ వివరణలో ఎక్కువ భాగం ఆ వేగాన్ని అదుపులో పెట్టడం గురించే ఉంటుంది.

ముందుగా అనుమతులు

కర్ణాటక చెట్ల సంరక్షణ చట్టం, 1976 ప్రకారం మీ సొంత స్థలంలో ఉన్న చెట్టునైనా చెట్ల అధికారి అనుమతి లేకుండా నరకకూడదు. కొబ్బరి, సరుగుడు, నీలగిరి, సిల్వర్ ఓక్ వంటి కొన్ని జాతులకు ఆ చట్టంలో మినహాయింపు ఉన్నప్పటికీ, నగర పరిధిలో ఉన్నవారు ముందే అధికారిని అడిగి రాతపూర్వకంగా సమాధానం తీసుకోవడం మేలు. గాలికి పడిన చెట్టయితే పడిన రోజే ఫోటోలు తీసి అర్జీ పెట్టుకోండి. రోడ్డు పక్క చెట్టు మీ ప్రహరీ మీద పడినంత మాత్రాన మీది కాదు. శ్రీగంధం, జిట్రేగి వంటి వాటికి అటవీ శాఖ నిబంధనలు మరింత కఠినంగా ఉంటాయి. ఆ దుంగలను శాఖ అనుమతి లేకుండా కదిలించకండి. సామిల్లులు అటవీ శాఖ లైసెన్సుతో నడుస్తాయి కాబట్టి దుంగ ఎక్కడిదని మిల్లువారు అడగడం సహజం, అప్పుడు చూపించడానికి కాగితం మీ దగ్గర ఉండాలి. కోయించిన పలకలను అనంతపురం వైపో చిత్తూరు వైపో సొంతూరికి పంపాలనుకునే మన తెలుగువాళ్ళు రాష్ట్ర సరిహద్దు దాటించడానికి కావలసిన రవాణా అనుమతి గురించి లారీ మాట్లాడక ముందే కనుక్కోవాలి.

ఏ చెట్టు బయట నిలుస్తుంది

మాను మధ్యలో ముదురు రంగులో ఉండే చేవ మాత్రమే ఆరుబయట నిలుస్తుంది. దాని చుట్టూ లేత రంగులో ఉండే తెల్లచెక్క, అది టేకుదైనా సరే, చెదలకూ పుచ్చుపురుగుకూ ఆహారమే. కాబట్టి ఏ జాతి అన్న ప్రశ్నతో పాటు ఆ దుంగలో చేవ ఎంత ఉందన్న ప్రశ్న కూడా వేసుకోవాలి. అడ్డకోత ముఖం మీద నీళ్ళు చల్లి తుడిస్తే చేవకూ తెల్లచెక్కకూ మధ్య గీత స్పష్టంగా కనిపిస్తుంది.

టేకు, పనస, చింత చేవలు బయట బాగా ఓర్చుకుంటాయి. పనస దుంగ దొరికితే వదలకండి: కోసినప్పుడు పసుపుగా ఉండి ఎండ తగిలేకొద్దీ గోధుమరంగుకు తిరిగే ఈ కలపకు దక్కవలసినంత గౌరవం దక్కడం లేదని నా అభిప్రాయం. నేరేడు నీటికి బాగా తట్టుకుంటుంది గాని ఆరేటప్పుడు మెలి తిరిగే గుణం ఎక్కువ. బెంగళూరు వీధుల్లో విస్తారంగా ఉన్న నిద్రగన్నేరు చేవ మధ్యస్థంగా నిలుస్తుంది, పైగా ఆరేటప్పుడు చాలా తక్కువగా కుంచించుకుపోతుంది కాబట్టి వెడల్పాటి పలకలకు, మొదటిసారి ఈ పనికి పూనుకునేవారికి ఇంతకంటే అనుకూలమైన చెట్టు లేదు. నీలగిరి దుంగలో పెరుగుదల నాటి బిగువు లోపలే దాగి ఉంటుంది. అడ్డంగా కోయగానే చివరలు నక్షత్రం ఆకారంలో చీలడం మీరు చూసే ఉంటారు. మామిడి, తురాయి, కానుగ, సిల్వర్ ఓక్ చెక్కలు కప్పు కింద వాడుకోవడానికి పనికొస్తాయి గాని వానకు వదిలేస్తే త్వరగా పాడవుతాయి. వాటితో ఆరుబయటి బల్ల చేయించడానికి డబ్బు ఖర్చు పెట్టవద్దనే చెబుతాను.

దుంగను కోతకు సిద్ధం చేయడం

చెట్టు పడిన తర్వాత దుంగను నేల మీద పడేసి ఉంచిన ప్రతి వారం నష్టమే. తెల్లచెక్కలోకి పురుగు దిగుతుంది, నీలి మచ్చలు పాకుతాయి, చివరలు నెర్రెలు విచ్చుతాయి. రెండు మూడు వారాల్లో కోయించగలిగితే మంచిది. అది కుదరకపోతే దుంగను రెండు దిమ్మెల మీదికి ఎత్తించి, నీడలో ఉంచి, చివరలను వెంటనే మూసివేయాలి. కావలసిన పొడవు కంటే రెండు వైపులా ఆరేసి అంగుళాలు ఎక్కువగా ఉంచి అడ్డకోత కోయించండి, ఎందుకంటే ఎంత జాగ్రత్తపడ్డా చివర కొంత భాగం పగిలి తీసేయాల్సి వస్తుంది.

చివరలను మూయడం ఎందుకంటే, పోగు (చెక్క నారలు సాగే దిశ) పొడవునా ఉన్న సన్నని గొట్టాలు అడ్డకోత ముఖం మీద తెరుచుకుని ఉంటాయి. ఆ ముఖం నుంచి తేమ పక్క ముఖాల కంటే ఎన్నో రెట్లు వేగంగా బయటికి పోతుంది. చివర ఎండి కుంచించుకుపోతుంది, లోపలి భాగం ఇంకా ఉబ్బే ఉంటుంది, ఈ రెంటి పెనుగులాటలో చెక్క చీలుతుంది. కోసిన రోజే, వీలైతే కోసిన గంటలోనే, పారఫిన్ మైనాన్ని కరిగించి బ్రష్షుతో దట్టంగా పూయండి. మైనాన్ని నేరుగా మంట మీద పెట్టకూడదు; వేడినీళ్ళ గిన్నెలో ఇంకో గిన్నె ఉంచి కరిగించాలి, లేకపోతే అంటుకునే ప్రమాదం ఉంది. మైనం కుదరనివారు నూనె ఆధారిత ఎనామిల్ పెయింటునో తారు పెయింటునో రెండు మూడు పూతలు వేయవచ్చు. నీళ్ళు కలిపే గోడ రంగు ఈ పనికి చాలదు. పూత అడ్డకోత ముఖంతో ఆగకుండా పక్కలకు కూడా ఒక అంగుళం దాకా మళ్ళాలి, పూత వేశాక ఎక్కడైనా చెక్క రంగు కనిపిస్తే అక్కడ మళ్ళీ పూయాలి.

బెరడును ముందే తీసేయించండి. బెరడు కింద తేమ నిలిచి పురుగుకు నివాసమవుతుంది, దానిలో ఇరుక్కున్న ఇసుక, కంకర రంపం పళ్ళను తినేస్తాయి. పచ్చిగా ఉన్నప్పుడు గడ్డపార మొనతో పైకి లేపితే బెరడు పట్టీలు పట్టీలుగా ఊడివస్తుంది, ఎండిన తర్వాత అదే పని చాలా కష్టం.

నగరపు చెట్లలో ఉండే ఇంకో పెద్ద చిక్కు మేకులు. ట్యూషన్ల బోర్డులు, కేబుల్ కొక్కేలు, పండుగ దీపాల తీగలు, ఎప్పుడో కట్టిన కంచె ముక్కలు మానులోపలికి కూరుకుపోయి, వాటిమీద కొత్త చెక్క పెరిగి, పైకి ఆనవాలు లేకుండా పోతాయి. ఒక్క మేకు తగిలినా మిల్లులో పలకలు కోసే పట్టీ రంపం, అంటే బ్యాండ్‌సా బ్లేడు పాడవుతుంది, పక్కన ఉన్న మనుషులకూ ప్రమాదం. మైసూరు రోడ్డు టింబర్ యార్డు ప్రాంతంలో అనుభవమున్న మేస్త్రీలు రోడ్డు చెట్టని తెలిస్తే దుంగను రంపం దగ్గరికి రానివ్వకుండా ముందు దాని చివరలనే చూస్తారు. మేస్త్రీ అరచేత్తో కోత ముఖం మీది పొట్టును తుడిచి, గోధుమరంగు చెక్కలో సిరా ఒలికినట్టు నీలం కలిసిన నల్లని మరక ఎక్కడైనా ఉందా అని వెతుకుతాడు. చెక్కలోని టానిన్ అనే వగరు పదార్థం, ఇనుము తడిలో కలిస్తే వచ్చే రంగు అది. ఆ మరక పోగు వెంట ఎటు సాగిందో చూసి, అటువైపు దుంగ మీద ఉలితో చెక్కుకుంటూ పోతే మేకు తల దొరుకుతుంది. చేత్తో పట్టుకునే మెటల్ డిటెక్టర్‌తో దుంగ చుట్టూ, ముఖ్యంగా మనిషి చెయ్యి అందే ఎత్తు వరకు ఉన్న భాగాన్ని తడిమి చూడటం కూడా తప్పనిసరి. ఆ ఎత్తులోనే మేకులు ఎక్కువగా ఉంటాయి.

మిల్లుకు వెళ్ళే ముందు దుంగ ఘనపరిమాణాన్ని మీరే లెక్కకట్టుకోండి. మన దగ్గర వాడుకలో ఉన్న పద్ధతిలో మధ్యలో చుట్టుకొలత తీసుకుని, దాన్ని నాలుగుతో భాగించి, వచ్చినదాన్ని దానితోనే గుణించి, పొడవుతో గుణిస్తారు. చుట్టుకొలత 60 అంగుళాలు, పొడవు 8 అడుగులు అయితే 15 అంగుళాలను 15తో గుణించి 144తో భాగించి 8తో గుణిస్తే 12.5 ఘనపుటడుగులు వస్తుంది. నిజానికి ఆ దుంగలో దాదాపు 16 ఘనపుటడుగుల కలప ఉంటుంది. కోతలో పోయే వృథాను దృష్టిలో పెట్టుకుని ఈ లెక్క తక్కువగా చూపిస్తుంది. కోత కూలి ఏ లెక్క మీద తీసుకుంటారో ముందే మాట్లాడుకుంటే తర్వాత పేచీ ఉండదు.

కోత

దుంగను మిల్లుకు తీసుకెళ్ళాలా, చెయిన్‌సా మిల్లును (చట్రంలో బిగించిన గొలుసు రంపాన్ని) దుంగ దగ్గరికి రప్పించాలా అన్నది దుంగ పరిమాణాన్ని బట్టి, దారిని బట్టి నిర్ణయించుకోవాలి. బ్యాండ్‌సా కోతలో పొట్టుగా పోయేది రెండు మూడు మిల్లీమీటర్లే. చెయిన్‌సా కోతలో తొమ్మిది మిల్లీమీటర్ల దాకా పోతుంది. 500 మిల్లీమీటర్ల మందం నుంచి 64 మిల్లీమీటర్ల పలకలు తీస్తే లెక్క ప్రకారం బ్యాండ్‌సాతో ఏడు వస్తాయి, చెయిన్‌సాతో ఆరే వస్తాయి. క్రేను, లారీ దుంగ దాకా రాగలిగితే మిల్లే నయం. తోట మధ్యలో, అపార్టుమెంటు వెనక సందులో పడిన మూడడుగుల మానుకు మాత్రం చెయిన్‌సా తప్ప దారి లేదు.

చెయిన్‌సాతో నిలువు కోత కోయడం కొమ్మలు నరికినంత సులభం కాదు. దీనికి పెద్ద యంత్రం కావాలి. రెండడుగుల వెడల్పుకు కనీసం 70 సి.సి., మూడడుగులకు 90 సి.సి. ఇంజను ఉండాలి. గొలుసు పళ్ళను మామూలుగా ఉండే 30 డిగ్రీలకు బదులు 10 డిగ్రీల కోణంలో సానపట్టి ఉండాలి. ఈ పని చేసిన అనుభవం లేనివారు తమంతట తాము మొదలుపెట్టకుండా అలవాటున్న పనివారిని పిలిపించుకోవాలి. వారికి హెల్మెట్, చెవులకు కప్పులు, కాళ్ళకు రక్షణ ఉన్నాయో లేదో చూసుకోవలసిన బాధ్యత పని చేయించుకునే మీదే. పొట్టు ఎగిరే వైపు నిలబడకండి, దగ్గరుండి చూసేవారంతా ఎన్95 మాస్కు పెట్టుకోవాలి.

మొదటి కోత తిన్నగా వస్తేనే మిగతావన్నీ తిన్నగా వస్తాయి. దుంగ మొదలు లావుగా, కొస సన్నగా ఉంటుంది కాబట్టి కొస కింద చెక్క పెట్టి, నడిమి బెండు (మాను నట్టనడుమ ఉండే మెత్తని భాగం) రెండు చివరలా ఒకే ఎత్తులో ఉండేలా లేపాలి. ఇలా చేస్తే పోగు పలక పొడవునా సాగుతుంది, మధ్యలో తెగిపోదు. చెయిన్‌సా మిల్లుకు మొదటి కోతలో దారి చూపడానికి తిన్నని అల్యూమినియం నిచ్చెనను దుంగ మీద పరిచి, రసమట్టం పెట్టి సరిచేసి, కోత గీతకు అందనంత పైన మరలతో బిగించాలి. రంపం ముందుకు పోతున్నకొద్దీ కోసిన సందులో వెనక నుంచి చెక్క చీలలు దూరుస్తూ పోతే పై పలక బరువుకు రంపం పట్టేయదు.

పలక మందం విషయంలో పిసినారితనం పనికిరాదు. ఆరిన తర్వాత రెండంగుళాల మందం కావాలంటే పచ్చిగా రెండున్నర అంగుళాలకు కోయించండి. కుంచించుకుపోయేది కొంత, చిత్రిక పట్టి చదును చేయడంలో పోయేది కొంత ఉంటుంది. నడిమి బెండు ఉన్న పలకను నిలువునా రెండుగా చీల్చించి బెండును తీసేయించండి. అడ్డకోత మీద కనిపించే పెరుగుదల వలయాల చుట్టూ కుంచించుకుపోవడం, వలయాలకు అడ్డంగా కుంచించుకుపోవడం కంటే సుమారు రెట్టింపు ఉంటుంది. బెండును లోపలే ఉంచుకున్న పలక ఈ తేడాకు ఎక్కడో ఒకచోట పగలక తప్పదు. దుంగను తిప్పకుండా పై నుంచి కిందికి ఒక్కో పలకా తీసే వరుస కోతలో బెండుకు దగ్గరగా వచ్చే పలకల్లో వలయాలు నిలువుగా ఉంటాయి, అవి వంగవు. బయటి పలకలు బెరడు వైపుకు డొప్ప తేలుతాయి. అందువల్ల బల్ల పైభాగానికి లోపలి పలకలను, కాళ్ళకూ చిన్న ముక్కలకూ బయటివాటిని కేటాయించుకోవాలి. నీలగిరి వంటి బిగువున్న దుంగను ఒకే వైపు నుంచి కోసుకుంటూ పోకుండా, దొర్లించి అటూ ఇటూ మార్చి కోయించాలి. పలకలు దిగుతున్న వరుసలోనే చివరల మీద మైనపు క్రేయానుతో అంకెలు వేయడం మరవకండి. తర్వాత పక్కపక్కన కలపాలనుకున్నప్పుడు ఆ అంకెలే ఆధారం.

అంచును కోయకుండా చెట్టు వంపు అలాగే కనిపించే పలకలు ఇప్పుడు అందరికీ ఇష్టం. ఇంటి లోపలికి అవి అందమే. ఆరుబయట ఆ వంపు అంతా తెల్లచెక్కతోనే ఉంటుంది కాబట్టి ముందుగా పుచ్చేది అదే. వానకు తడిసే బల్లకు తెల్లచెక్కను పూర్తిగా తీసేయించమనే నా సలహా.

పురుగు నుంచి రక్షణ

కోసిన రోజు సాయంత్రానికే ఈ పని అయిపోవాలి. 10 లీటర్ల వేడినీళ్ళలో 200 గ్రాముల బోరిక్ యాసిడ్, 300 గ్రాముల వెలిగారం కలిపి, పూర్తిగా కరిగాక పలకల అన్ని ముఖాలకూ రెండుసార్లు పూయండి. పచ్చి చెక్కలో నీరు ఉంటుంది కాబట్టి మందు ఆ నీటి వెంట మెల్లగా లోపలికి పాకుతుంది. అందుకే పూసిన తర్వాత రెండు రోజులు పలకలను ఒకదానిమీద ఒకటి ఆనించి, టార్పాలిన్ కప్పి ఉంచి, ఆ తర్వాతే గాలి తగిలేలా పేర్చాలి. పూసేటప్పుడు చేతులకు గ్లవ్స్ వేసుకోండి, పిల్లలనూ పెంపుడు జంతువులనూ దూరంగా ఉంచండి, మిగిలిన నీళ్ళను మొక్కల మొదట్లో పోయకండి. ఈ మందు వానకు కరిగి కొట్టుకుపోతుంది కాబట్టి ఆరే కాలంలో పుచ్చుపురుగు రాకుండా కాపాడడానికే ఇది. మట్టిలో పాతే గుంజలకు మాత్రం పీడనంతో మందు ఎక్కించే ప్లాంటులో చేయించుకోవాలి. మల్లేశ్వరంలోని కలప శాస్త్ర సాంకేతిక సంస్థ ఈ రంగంలోనే పరిశోధన చేస్తుంది. జాతి గుర్తింపులోనో మందు ఎంపికలోనో సందేహం ఉంటే అక్కడ అడగవచ్చు.

పేర్చడం

కలపను ఆరబెట్టేది గాలే. పచ్చి పలకను ఎండలో పరిస్తే పైపొర గట్టిపడి లోపలి తేమను బంధిస్తుంది, ముఖమంతా సన్నని నెర్రెలతో నిండుతుంది. నీడ ఉండి, గాలి ఆడే చోటు చూసుకోండి. మేడ మీద జాగా ఉంది కదా అని అక్కడికి ఎక్కించకండి. మనుషులు తిరిగే మేడ కప్పుకు భారతీయ ప్రమాణం ఐ.ఎస్. 875 ప్రకారం లెక్కలోకి తీసుకునే అదనపు బరువు చదరపు మీటరుకు 150 కిలోలు. మూడడుగుల ఎత్తున పేర్చిన పచ్చి పలకల బరువు చదరపు మీటరుకు 600 కిలోలు దాటుతుంది. ఎనిమిదడుగుల పొడవు, ఇరవై అంగుళాల వెడల్పు, రెండున్నర అంగుళాల మందం ఉన్న పచ్చి పలక ఒక్కటే 75 నుంచి 80 కిలోలు ఉంటుంది.

నేల మీద సిమెంటు హాలో బ్లాకులను పేర్చి కనీసం పదిహేను అంగుళాల ఎత్తు లేపండి. వాటిమీద మూడు నాలుగు అడ్డ దూలాలు వేసి, అన్నీ ఒకే మట్టంలో ఉన్నాయో లేదో రసమట్టంతో, దారంతో చూసుకోండి. ఇక్కడ ఏ వంపు ఉంటే పలకలు ఆరాక అదే వంపు వాటిలో నిలిచిపోతుంది. పలకకూ పలకకూ మధ్య అంగుళం చదరం ఉన్న ఎండిన రీపర్లు (సన్నని చెక్క బద్దలు) అడ్డంగా పెట్టాలి. పచ్చి రీపర్లు పెడితే వాటి కింద మరకలు, బూజు వస్తాయి. రెండున్నర అంగుళాల పలకకు రెండడుగులకొక రీపరు చాలు. వంగే గుణమున్న చెక్కకైతే అడుగున్నరకొకటి వేయండి. మొదటి రీపరు, చివరి రీపరు పలక కొసలకు వీలైనంత దగ్గరగా ఉండాలి. అన్నింటికంటే ముఖ్యంగా కింది వరుస రీపరు మీదే పై వరుస రీపరు నిలువు గీతలా రావాలి, ఆ గీత కింద దూలం ఉండాలి. ఒక్క రీపరు పక్కకు జరిగినా పైనున్న బరువంతా కింది పలకను ఆ చోట నొక్కి వంచుతుంది.

బెంగళూరులో జూన్ నుంచి సెప్టెంబరు దాకా గాలి ప్రధానంగా పడమటి నుంచి, చలికాలంలో తూర్పు నుంచి వీస్తుంది. పేర్పు పొడవు ఉత్తర దక్షిణాలుగా ఉంటే రీపర్ల మధ్య సందుల్లోంచి ఆ గాలి అటూ ఇటూ సాగుతుంది. పైన జి.ఐ. రేకులు వేసి, అన్ని వైపులా అడుగున్నర బయటికి చూరు ఉంచి, ఎగిరిపోకుండా కట్టండి. రేకుల కింద, పై పలక మీద, సిమెంటు బ్లాకులు బరువుగా పెడితే పై వరుసలు కూడా వంగవు. టార్పాలిన్‌ను పేర్పు చుట్టూ చుట్టడం చాలామంది చేసే పని, అది అసలు చేయకూడదు. లోపల ఆవిరి నిలిచి వారంలో బూజు పడుతుంది.

ఇక కాలాన్ని బట్టి చూసుకోవడం. మే నెలలో కోయించినవారికి వెంటనే వానాకాలం వస్తుంది, గాలిలో తేమ ఎక్కువ కాబట్టి పగుళ్ళ భయం తక్కువ, బూజు భయం ఎక్కువ. అప్పుడు పక్కలన్నీ తెరిచి ఉంచండి, చుట్టూ గడ్డి పెరగనివ్వకండి. పలక మీద తెల్లని బూజు కనిపిస్తే గట్టి బ్రష్షుతో రుద్ది, గాలి ఆడని చోటు ఏదో చూసి సరిచేయండి. డిసెంబరు తర్వాత పరిస్థితి తిరగబడుతుంది. ఫిబ్రవరి, మార్చి మధ్యాహ్నాల్లో ఇక్కడి గాలి ఎంత పొడిగా ఉంటుందో పగిలే పెదవులే చెబుతాయి. సంక్రాంతి నాటికే పడమటి వైపూ తూర్పు వైపూ మిద్దె తోటలకు వాడే 50 శాతం షేడ్ నెట్టును వేలాడదీసి గాలి జోరు తగ్గించండి, చివరల మైనం ఎక్కడైనా రాలితే మళ్ళీ పూయండి. ఫిబ్రవరిలో కోయించినవారయితే మొదటి రోజు నుంచే నెట్టు కట్టాలి, రీపర్ల మందం ముప్పావు అంగుళానికి తగ్గించుకోవచ్చు. చెన్నైలో ఉన్న బంధువులు ఇదే పని చేస్తుంటే వారి లెక్క వేరని చెప్పండి. సముద్రపు గాలి తేమ వల్ల అక్కడ ఆరడం నెమ్మదిగా సాగుతుంది, బూజు, చెదల మీదే ఎక్కువ దృష్టి పెట్టాలి.

ఆరిందో లేదో తూకంతో తెలుసుకోవడం

పిడికిలితో తట్టి చూసి చెప్పే అంచనాలను నమ్మకండి. మాయిశ్చర్ మీటరు ఉపయోగపడుతుంది గాని 30 శాతం పైన అది చూపించే అంకెకు విలువ తక్కువ, పైగా చిన్న మేకులున్న మీటరు పైపొరనే కొలుస్తుంది. పచ్చిదనం నుంచి చివరిదాకా నమ్మదగినది తూకమే, దానికి ఖర్చు కూడా లేదు.

కోసిన రోజే ఒక పలకలో, చివర నుంచి అడుగున్నర లోపలికి పోయి, ముప్పై అంగుళాల నమూనా ముక్క కోయించండి. దాన్ని ఆనుకునే ఒకటిన్నర అంగుళాల చిన్న ముక్కను కూడా తీయండి. రెంటినీ వెంటనే తూచి రాసుకోండి. చిన్న ముక్కను ఇంట్లో ఉండే ఓటీజీ ఓవెన్‌లో 100 నుంచి 105 డిగ్రీల దగ్గర ఉంచి, కొన్ని గంటలకొకసారి తూస్తూ, బరువు తగ్గడం పూర్తిగా ఆగేదాకా ఆరబెట్టాలి. ఓవెన్‌ను వదిలి ఇంట్లోంచి బయటికి వెళ్ళవద్దు. ఉదాహరణకు 640 గ్రాముల ముక్క 400 గ్రాముల దగ్గర ఆగిందనుకుందాం. పోయిన నీరు 240 గ్రాములు, ఎండిన చెక్క బరువులో అది 60 శాతం. అంటే పెద్ద నమూనాలో కూడా తేమ 60 శాతమే. అది 12.8 కిలోలు తూగితే అందులో ఎండు చెక్క 8 కిలోలు. 14 శాతం తేమ దగ్గర దాని బరువు 9.12 కిలోలు కావాలి. ఆ అంకెను నమూనా మీదే రాసి, దాని రెండు చివరలకూ మైనం పూసి, మైనం పూశాక పెరిగిన బరువును ఆ అంకెకు కలుపుకుని, సులభంగా బయటికి లాగగలిగేలా పేర్పు మధ్యలో పెట్టండి.

మొదటి రెండు నెలలు వారానికొకసారి, తర్వాత నెలకొకసారి తూచి తేదీతో రాసుకోండి. మొదట్లో బరువు వేగంగా పడిపోతుంది. తేమ 25, 30 శాతం మధ్యకు దిగేదాకా చెక్క పెద్దగా కుంచించుకుపోదు. అక్కడి నుంచి కిందికే అసలు కుంచింపు, వంపు, పగుళ్ళు మొదలవుతాయి, కాబట్టి ఆ మజిలీ మార్చి నెలతో కలిసివస్తే రోజూ పేర్పు వైపు ఒక చూపు వేయండి. పలక ముఖం మీద వెంట్రుకవాసి నెర్రెలు కొత్తగా కనిపిస్తే ఆ రోజే ఇంకో పొర నెట్టు కట్టాలి.

ఆరుబయటి వాడకానికి 12 నుంచి 15 శాతం తేమ సరిపోతుంది. బెంగళూరులో నీడలో ఉన్న కలప వేసవిలో సుమారు 9 శాతానికి, వానాకాలంలో సుమారు 16 శాతానికి తనంతట తానే మారుతూ ఉంటుంది. అంతకంటే పొడిగా ఎండించి బయట పెడితే అది తిరిగి తేమ పీల్చుకుని ఉబ్బుతుంది, ఆ శ్రమంతా వృథా. రెండున్నర అంగుళాల పలకకు ఒక పూర్తి వానాకాలం, ఒక పూర్తి వేసవి గడవాలి. బరువైన జాతులకు ఇంకో ఆరు నెలలు పట్టవచ్చు. చివరికి తేల్చుకోవడానికి ఒక పలకను కొస నుంచి అడుగు లోపల అడ్డంగా కోసి, కొత్త ముఖం మధ్యలో మీటరు గుచ్చి చూడండి. పైపొర అంకెకూ మధ్య అంకెకూ తేడా రెండు మూడు శాతం లోపు ఉంటే పలక సిద్ధం.

ఆరే కాలంలో పలకల కింద సన్నని పిండి కుప్పలు, ఒకటి రెండు మిల్లీమీటర్ల రంధ్రాలు కనిపిస్తే పుచ్చుపురుగు దిగినట్టే. ఆ పలకను వెంటనే వేరు చేయండి. కలప ఆరబెట్టే ప్లాంటులో మధ్యభాగం దాకా 56 డిగ్రీల వేడి అరగంట నిలిచేలా కాయిస్తే లోపలి పురుగులు చస్తాయి. ఎగుమతి పెట్టెల చెక్కకు అంతర్జాతీయంగా పాటించే కొలత కూడా ఇదే.

బయట అమర్చేటప్పుడు

వడ్రంగికి పలక ఇచ్చేటప్పుడు నాలుగు విషయాలు పట్టుబట్టి చేయించండి. పలక మీద నీరు నిలవకుండా ఒక వైపుకు కొద్దిగా వాలు ఉండాలి, అంచులు గుండ్రంగా ఉండాలి, అడుగున అంచుకు అంగుళం లోపలగా సన్నని గాడి తీస్తే నీటి చుక్క లోపలికి పాకకుండా అక్కడే రాలుతుంది. పలకల మధ్య ఆరు నుంచి ఎనిమిది మిల్లీమీటర్ల సందు వదలాలి. మరలు స్టెయిన్‌లెస్ స్టీలువి కావాలి. మామూలు ఇనుప మరలు మేకుల దగ్గర చూసిన ఆ నల్లని మరకనే మీ బల్ల మీదికి తెస్తాయి. వెడల్పు పలకను కాళ్ళకు బిగించే చోట రంధ్రాలను పొడుగ్గా తీయించాలి, అప్పుడు చెక్క ఉబ్బినా తగ్గినా పగలదు.

కాళ్ళు మట్టికి తగలకూడదు. సిమెంటు దిమ్మె మీద గాల్వనైజ్డ్ ఇనుప షూ (బల్ల కాలు కూర్చునే తొడుగు) బిగించి, నేలకూ చెక్కకూ మధ్య కనీసం రెండంగుళాల ఖాళీ ఉంచండి. కాళ్ళ అడుగు ముఖాలకు బిగించే ముందే నూనె పట్టినంత పట్టించండి, ఎందుకంటే తర్వాత బ్రష్షు అక్కడికి అందదు.

వార్నిషు వంటి గట్టి పూతలు ఇక్కడి ఎండకు రెండేళ్ళలోపే పెచ్చులుగా లేస్తాయి, వాటిని గీకి మళ్ళీ వేయడం పెద్ద పని. కాచిన అవిసె నూనెలో మూడో వంతు టర్పెంటైను కలిపి మూడు పూతలు పట్టించి, ప్రతి పూత తర్వాత పావుగంటకు మిగిలినదాన్ని గుడ్డతో తుడిచేయండి. ఆ గుడ్డలను ఉండచుట్టి మూల పడేస్తే వాటంతటవే అంటుకుంటాయి. విప్పి ఆరేయాలి, లేదా నీళ్ళలో తడిపి పారేయాలి. తర్వాత ఏటా రెండుసార్లు, మే నెలలో వానలకు ముందు ఒకసారి, డిసెంబరులో వానలు వెనకబట్టి పలక పూర్తిగా ఆరాక ఇంకోసారి, ఒక్కో పూత చాలు. పలక చివరలకు మాత్రం ఆ రెండుసార్లూ రెండేసి పూతలు వేయండి.